విల్లు వేలాడిన దూలం

నా మనవరాలు తన వీపు తాను గోక్కోలేదని తెలిసిన రోజు మా కళ్యాణదుర్గంలో ఎప్పటిలాగే గాలి ఎక్కువగానూ నీళ్లు తక్కువగానూ ఉన్నాయి. నూరి పెరటి గోడ మూలకు ఆనుకుని, ఎనుము గుంజకు ఒళ్లు రాసుకున్నట్టు, అటూ ఇటూ వీపు రుద్దుకుంటోంది.

"ఏమ్మే, గోడకు కొట్టిన సున్నమంతా నీ చొక్కాకే ఎత్తుకుంటాండావు. దేవుడు చేతులియ్యలేదా నీకు?" అన్నాను.

"ఎడమది ఆడికి అందదు తాతా. కుడిది వెనక్కే పోతా లేదు. కావాలంటే చూడు" అని నూరి కుడి చెయ్యి వెనక్కి పెట్టి చూపించింది. బొటనవేలు నడుము కింద, ప్యాంటు జేబు మీద ఆగిపోయింది. అక్కడినుంచి పైకి జరపాలని చూస్తే భుజం ముందుకు పొడుచుకొచ్చింది గానీ చెయ్యి వేలెడు కూడా కదల్లేదు. అది చూసి నాకు నవ్వు రావలసింది. రాలేదు. ఎందుకంటే నా కుడి చెయ్యి కూడా యాభై ఏళ్లుగా సరిగ్గా అక్కడే, ఆ జేబు దగ్గరే ఆగిపోతోంది.

ఈమధ్య ఒక సభలో నన్ను "చెయ్యి తిరిగిన రచయిత" అని పరిచయం చేశారు. వేదిక మీద కూర్చుని లోలోపల నవ్వుకున్నాను. నా చెయ్యి తిరగదనే సంగతి పోయిన మా ఆవిడకు తెలుసు, చొక్కా కుట్టే దర్జీకి తెలుసు, సభలవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? ఇన్నేళ్లు తాలూకాఫీసులో గుమాస్తాగిరీ చేసి ఏమీ వెనకేసుకోలేదని చుట్టాలు నన్ను దెప్పుతుంటారు. చెయ్యే వెనక్కి వేసుకోలేనివాడు ఇంకేం వెనకేసుకుంటాడు? ఇట్లాంటి మాటలల్లి నా భుజం సంగతిని నేను ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చాను. మాటలతో దాటలేనిది నా మనవరాలి రూపంలో గోడకు ఒళ్లు రుద్దుకుంటూ నా ఎదుట నిలబడింది.

నూరి అంటే నూర్జహాన్. జావెలిన్ విసురుతుంది. నా కొడుకు లారీ మీద వారానికోసారి ఇంటికొస్తాడు, కోడలు అంగన్‌వాడీ పనికి పోతుంది, కాబట్టి పగటిపూట ఇంట్లో ఉండేది నేనూ, నూరీ, ఆ ఈటె. ఈటె మా రెండు గదుల్లో యాడా నిలువుగా పట్టదు. నా మంచం పక్కన నేల మీద పొడుగ్గా పడుకోబెడుతుంది. పక్కలో బల్లెం అని లోకమంతా మాటవరసకు అంటుంది, నేను మాత్రం రోజూ దాన్ని దాటుకుని మంచం దిగుతాను. ఇంకో నెలకు అనంతపురంలో రాష్ట్ర జట్టుకు ఎంపికలున్నాయి. నూరి కళ్లు తెరిస్తే అవే, మూస్తే అవే. ఆ పిల్లకు ఆ చెయ్యి తప్ప ఇంకొక ఆశ లేదని నేననను, కానీ ఇంకొక ఆశ గురించి ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నాడంటారు, నాకు ఎడమ భుజం తడుముకోవడానికి కుడి చెయ్యి సరిగా అందదు కాబట్టి నోటితోనే ఒప్పుకోవాలి. అంతకు రెండు నెలల ముందు నూరి "భుజం పట్టేసినట్టుండాది తాతా" అంటే, వెల్డింగు షాపు నుంచి ఒక ఇనుప కడ్డీ చేయించి తలుపు చట్రానికి బిగించింది నేనే. "దీనికి రోజూ యాలాడు. మొదట్లో నొప్పిస్తాది. నిలపొద్దు. నిలిపితే నా మాదిరి అయితావు" అని చెప్పింది కూడా నేనే. పిల్ల నా మాట నమ్మి పొద్దునా సాయంత్రం వేలాడింది. నేను కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టాను.

అనంతపురంలో ఆటగాళ్ల దెబ్బలు చూసే ఫిజియోథెరపిస్టు ఒకామె ఉందని నూరి కోచ్ చెబితే బస్సెక్కాం. శిరీష అని, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, గొంతు మెత్తగా ఉంటుంది, చూపు మాత్రం బంగారం తూచేవాడి చూపు. నూరిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. చెయ్యి పక్కకు చాపి, మోచెయ్యి మడిచి, వేళ్లు పైకప్పు చూసేటట్టు పెట్టింది. తర్వాత ముంజేతిని మెల్లగా తల వైపు వెనక్కి వాల్చింది. అది వాలుతూ వాలుతూ బల్లకంటే కిందికి పోయింది. నాకు గర్వంగా అనిపించింది. తర్వాత అదే ముంజేతిని ముందుకు, కాళ్ల వైపు వాల్చింది. కొంచెం పోయి, తలుపు గడియ పడినట్టు ఆగిపోయింది. ఎడమ చెయ్యి అట్లా చేస్తే ఇంచుమించు బల్లను తాకింది. శిరీష ఒక ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి రెండు కోణాలూ రాసుకుంది. రాసేటప్పుడు పెదవి కొరుక్కుంది. డాక్టర్ల నోటికంటే పెదవికే నేను ఎక్కువ భయపడతాను.

"దీనికి ఇంట్లో ఏమన్నా చేస్తాండావా పాపా?" అని అడిగింది.

"కడ్డీకి యాలాడతా మేడమ్. మా తాత పెట్టించినాడు."

శిరీష నా వైపు తిరిగింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"సార్, భుజంలో ఎముక బంతి మాదిరి ఉంటాది. దాని చుట్టూ ఒక సంచి లాంటి పొర. చెయ్యెత్తి విసిరేవాళ్లకు ఆ సంచి ముందువైపు సాగిపోతాది, వెనకవైపు బిగుసుకుపోతాది. అందుకే చెయ్యి వెనక్కి అంతగా వాలుతాది, లోపలికి తిరగదు. మీరు యాలాడదీస్తే ఏమైతాది? సాగింది ఇంకా సాగుతాది. బిగిసింది బిగిసినట్టే ఉంటాది. ఇంక కొన్నాళ్లు అట్లే చేసింటే లోపల చినిగేది."

"నేనూ వాలీబాల్ ఆడినానమ్మా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "నేను యాలాడడం మధ్యలో నిలిపేసినా. అందుకే నా చెయ్యి ఇట్లయింది. ఎంపికలకు నాలుగు దినాల ముందు నిలిపేసినా."

ఆమె నా చెయ్యి వైపు చూసింది. "నిలిపినారు కాబట్టే ఈమాత్రమన్నా మిగిలింది సార్" అంది.

గోడ మీద ఒక గడియారం ఉంది. అది కొట్టుకుంటోందని అప్పుడే గమనించాను. యాభై ఏళ్లుగా నేను మోస్తున్న కథ ఒకటి ఆ ఒక్క మాటతో తలకిందులైంది.

మా నాయన ఫకీరప్ప దూది ఏకేవాడు. మాది దూదేకుల ఇల్లు. తెలుగులో తిట్టుకుని, తెలుగులోనే దువా చేసుకునే ఇల్లు. ఇంటి ముందు ఒక కొట్టం, కొట్టానికి అడ్డంగా ఒక తుమ్మ దూలం, దూలానికి ఒక తాడు, తాడుకు నాయన విల్లు. మనిషెత్తుకంటే పొడుగు. నాయన ఎడమ చేత్తో విల్లు పట్టుకుని, కుడి చేత్తో కొయ్య ఎత్తి నారి మీద కొడితే, 'టుంయ్' మని మొదలై 'టక్' మని ఆగే చప్పుడుకి కింద ఉన్న దూది పిట్టల గుంపు లేచినట్టు లేచేది. మా ఇంట్లో అన్నిటి మీదా దూది ఉండేది. సంగటి ముద్ద మీద, ఊరుబిండి పచ్చడి మీద, అమ్మ కనురెప్పల మీద. వానలు పడని మా సీమలో మంచు కురిసే ఇల్లు మాదొక్కటే అని నేను బళ్లో కోతలు కోసేవాణ్ణి. మంచు ఎట్లుంటుందో మాకెవరికీ తెలియదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

పాత పరుపు విప్పినప్పుడు వచ్చే వాసనను బట్టి నాయన ఆ ఇంటి సంగతులు చెప్పేవాడు. "ఈ ఇంట్లో పసిబిడ్డ ఉండాది. ఈ పరుపు మీద ముసలాయన బీడీ తాగుతాడు. ఇదేమో, ఇద్దరు పడుకునే పరుపే గానీ ఒగ పక్కే నలిగిండాది." అమ్మ "నీకెందుకప్పా వాళ్ల సంసారాలు, ఏకి పంపీ" అని కసిరేది. ఏళ్ల తరబడి ఒళ్ల బరువు మోసిన దూది గట్టిపడి ఉండలు కట్టేది. విల్లుకు పెట్టే ముందు ఆ ఉండలను చేత్తో విప్పాలి. అది అమ్మా నేనూ చేసే పని. నేను తొందరగా గ్రౌండుకు పోవాలని ఉండలను పట్టి గుంజేవాణ్ణి. నాయన దూరంనుంచే చూసేవాడు. "గుంజొద్దురా కుళ్ళాయీ. గుంజితే పోచ తెగుతాది. ఊరకే పట్టుకో. పట్టుకున్న్యావంటే యాడ విప్పల్లో అదే చెప్తాది" అనేవాడు. తనే ఒక ఉండను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఏమీ చేయనట్టే కాసేపు ఉండేవాడు. తర్వాత వేళ్లు ఎక్కడో ఒకచోట అంత కదిలేవి. ఉండ దానంతటదే విచ్చుకునేది. ఇది నేను వందసార్లు చూశాను. ఇప్పుడు ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది.

వాలీబాల్‌లో నేను కొట్టేవాణ్ణి. నెట్టు పక్కన లేచి, చెయ్యి వెనక్కి వంచి, బంతిని అవతలి నేలకు దింపేవాణ్ణి. మా డ్రిల్లు సారు నా చెయ్యి వెనక్కి పోయే తీరు చూసి మురిసిపోయేవాడు. "ఇది చెయ్యి కాదురా, మీ నాయన విల్లు" అనేవాడు. ఆ మాట ఎవరో నాయనకు మోశారు. ఆ సాయంత్రం నాయన పని చాలించుకుని, ఒళ్లంతా దూదితో గ్రౌండు అంచున వచ్చి నిలబడ్డాడు. ఆట అయిపోయాక "బాగా కొడతాండావు. నేను కొడితే దూది లేస్తాది, నువ్వు కొడితే దుమ్ము లేస్తాది" అన్నాడు. నాకున్న ఈ మాటల పిచ్చి ఎక్కడిదో మీకు అర్థమై ఉంటుంది.

అప్పటికే నాయనకు దగ్గు పట్టుకుంది. దూది ధూళి దగ్గు. జిల్లా జట్టులో చేరితే ఆ సర్టిఫికెట్టుతో పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగం వస్తుందని సారు చెప్పాడు. నాయన ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. "ఈ దుమ్ము నాతోనే పోవల్ల. నీ నోట్లో పడగూడదు" అనేవాడు. ఎంపికలు ఇంక మూడు వారాలున్నాయనగా నా భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేస్తోంది, వెనక్కి వాలుతోంది, కానీ బంతి కొట్టిన ప్రతిసారీ లోపల సూది గుచ్చినట్టుంది. స్నానం చేసేటప్పుడు వీపు మీద సబ్బు అందడం లేదు. అందకపోతే ఏముందిలే, బంతి కొట్టేది వీపుతో కాదు కదా అనుకున్నాను. మా ఇంట్లో అందరమూ అదే అనుకున్నాం. కదిలే వైపునే అందరం చూశాం. కదలని వైపు తిరిగి చూసినవాడు లేడు.

అమ్మ ఉప్పు మూట కాపడం పెట్టింది. ఆముదం రాసింది. కొట్టంలో దూది వాసన మీద ఆముదం వాసన ఎక్కి కూర్చుంది. తగ్గలేదు. అప్పుడు నాయనకు ఒక ఆలోచన వచ్చింది. పట్టేసిన చెయ్యి సాగాలి. సాగాలంటే వేలాడాలి. విల్లు విప్పి పక్కన పెట్టి, దూలానికున్న ఆ తాడుకే నన్ను వేలాడమన్నాడు. పడితే దెబ్బ తగలకుండా కింద ఒక కుప్ప దూది పోశాడు. నేను వేలాడితే నా నడుము పట్టుకుని కిందికి గుంజేవాడు.

"ఇంగా దిగల్ల, ఇంగా దిగల్ల" అనేవాడు.

"నాయనా, నొప్పి."

"నొప్పి ఉంటే పని చేస్తాండాదని లెక్క. ఓర్చుకో."

"చెయ్యి ఊడొస్తాది నాయనా."

"ఊడొస్తే కుడతాలే. పరుపులు కుట్టినోనికి చెయ్యి కుట్టేది ఒగ లెక్కనా?"

నవ్వించడానికే అన్నాడు. కానీ ఆయన చేతులు వణకడం నా నడుము మీద నాకు తెలిసేది. దూది ఉండను గుంజొద్దని వందసార్లు చెప్పిన మనిషి, కొడుకు భుజాన్ని మాత్రం గుంజాడు. పరుపుకు రేపు అని చెప్పవచ్చు. ఎంపికలకు రేపు అని చెప్పలేం. ఆ తొందర ఆయన చేతుల్లోంచి ఆయన విద్యనంతా తుడిచేసిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తెలిసిందల్లా నొప్పి. ఎంపికలు ఇంక నాలుగు రోజులున్నాయనగా నేను తాడు వదిలేశాను.

"నా వల్ల కాదు. నేనింక యాలాడను."

"నాలుగు దినాలే కదరా."

"యాలాడను నాయనా."

ఆయన నన్ను చూశాడు. దూలాన్ని చూశాడు. విల్లు తీసి మళ్లీ తాడుకు కట్టుకున్నాడు. ఆ రోజంతా నారి చప్పుడు మామూలుకంటే గట్టిగా వినిపించింది. లేకపోతే నాకే అట్లా అనిపించిందేమో.

ఎంపికల రోజు నాయన నాతో అనంతపురం బస్సులో వచ్చాడు. నేను మూడోసారి లేచి కొట్టినప్పుడు భుజంలో ఏదో తెగినట్టయింది. బంతి నెట్టు కింది నుంచి దొర్లుకుంటూ అవతలికి పోయింది. అవతలివాడు దాన్ని కాలితో ఆపాడు. అంతే, చేతులెత్తేశాను అనడానికి కూడా వీల్లేదు, ఒక చెయ్యి లేవనే లేదు. కంచె అవతల నాయన నిలబడి ఉన్నాడు. తిరుగు బస్సులో కళ్యాణదుర్గం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక మాత్రం "పా, సంగటి చల్లారిపోతాది" అన్నాడు.

మూడో రోజు కొట్టంలోకి పోతే తాడు ఆ దూలానికి లేదు. నాయన కొట్టం మూలకు ఇంకో చిన్న వాసం వేసి, విల్లును అక్కడికి మార్చుకున్నాడు. అక్కడ వెలుతురు సరిగా ఉండదు, తల వంచుకుని పని చేయాలి. "ఏందిమా ఇది?" అని అమ్మను అడిగితే, "మీ నాయన ఆ దూలం ముట్టడంలే. అడిగితే చెప్పడంలే" అంది. నేను అర్థం చేసుకున్నది ఒకటే. నాలుగు రోజులు ఓర్చుకోలేని కొడుకును ఆ దూలం గుర్తు చేస్తుంది కాబట్టి దాని ముఖం చూడడం ఆయనకు ఇష్టం లేదు. నన్ను నేరుగా తిట్టలేక దూలాన్ని వెలేశాడు అనుకున్నాను.

ఆ తర్వాత ఇంకొకటి మొదలైంది. పెరట్లో స్నానం బండ దగ్గర నేను ఒక బిందె నీళ్లతో స్నానం చేస్తుంటే నాయన వచ్చేవాడు. నా వెనక నిలబడి, సబ్బు తీసుకుని, నా చెయ్యి అందని ఆ ఒక్క చోట, రెక్కల మధ్య, జానెడు మేర రుద్దేవాడు. ఒక చెంబు నీళ్లు పోసేవాడు. వెళ్లిపోయేవాడు. ఒక్క మాట ఉండేది కాదు. నాకు ఉద్యోగం వచ్చేదాకా, పెళ్లయ్యేదాకా, ఇంట్లో ఉన్న ప్రతి రోజూ. దాన్ని నేను దెప్పిపొడుపు అనుకున్నాను. చూడు, నాలుగు రోజులు ఓర్చుకుని ఉంటే నీ వీపు నువ్వే రుద్దుకునేవాడివి అని ఆ చెయ్యి అంటున్నట్టు ఉండేది. ఆయన చెయ్యి తగలగానే నేను బిగుసుకునేవాణ్ణి. ఆయన పోయేదాకా నేను ఆ బిగువు వదల్లేదు.

శిరీష గదిలో గడియారం కింద కూర్చుని నేను లెక్క సరిచూసుకున్నది ఇదే. ఆయనకు తెలిసింది. కంచె అవతల నిలబడినప్పుడే తెలిసి ఉంటుంది. కొడుకు ఓర్చుకోకపోవడం కాదు తప్పు, తను గుంజడం తప్పు అని. దూది మనిషికి ఆ తెగడం అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? దూలాన్ని వెలేసింది నా మీద కోపంతో కాదు. సబ్బు పట్టుకుని వచ్చింది దెప్పడానికి కాదు. ఆయన నోటికి రాని మాటొకటి ఏళ్ల తరబడి నా వీపు మీద రాశాడు. నా వీపు కాబట్టి నాకు కనపడలేదు. రచయితనని పేరు, చదవడం మాత్రం రాలేదు. భుజంలో సంచి ఒక వైపు సాగి ఒక వైపు బిగుస్తుందనే ముక్క ఆ రోజుల్లో ఎవరైనా నాయనకు పరుపు భాషలో చెప్పి ఉంటే, ఒక్క నిమిషంలో అర్థం చేసుకునేవాడు. దూది ఒక పక్కకు జరిగి గట్టిపడిన పరుపును, ఖాళీ అయిన పక్క పట్టుకుని గుంజేవాడు ఎవడుంటాడు?

శిరీష నూరి భుజం మీద పని మొదలుపెట్టింది. ఒక చెయ్యి వీపు పైన ఉండే రెక్క ఎముక కింద ఆసరాగా పెట్టింది. రెండో అరచేతి మొదలును భుజం ముందువైపు ఆనించి, వెనక్కి మెల్లగా నొక్కింది. నొక్కి ఆగింది. వదిలింది. మళ్లీ నొక్కింది. ఏమీ జరుగుతున్నట్టు లేదు. నూరి పైకప్పు చూస్తోంది. ఆ ఆగడం నాకు తెలుసు. ఉండను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఏమీ చేయనట్టు ఉండడం అది.

"ఇంట్లో రోజుకు రెండుసార్లు ఇంకొకటి చేయల్ల" అంది శిరీష. "పాప వెల్లకిలా పడుకుని, కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని గుండెల మీదుగా అవతలికి తెచ్చుకుంటాది. అప్పుడు రెక్క ఎముక కూడా జారి వస్తాది. రానీకుండా ఎవరో ఒకరు దాన్ని పట్టుకోవల్ల. ఇంట్లో ఎవరుంటారు?"

"మా తాతే" అంది నూరి.

"నేను వద్దమ్మా" అన్నాను. గొంతు అంత గట్టిగా వస్తుందని నేనే అనుకోలేదు. "కడ్డీ పెట్టింది నేనే. మళ్ల నా చేతికే ఇస్తావా?"

"చేసేది పాప సార్. మీరు ఏమీ చేయగూడదు. ఊరకే పట్టుకోవల్ల, అంతే" అంది ఆమె, నా అరచేతిని తీసి నూరి రెక్క ఎముక అంచున పెడుతూ.

ఇంటికి రాగానే కడ్డీ విప్పేశాను. చట్రానికి నాలుగు చిల్లులు మిగిలాయి. ఆ రోజునుంచి పొద్దునా సాయంత్రం నేల మీద బొంత పరిచి, నూరి పడుకుంటే పక్కన చతికిలబడి ఆ రెక్క అంచు పట్టుకున్నాను. అంత భయం నా జీవితంలో దేనికీ పడలేదు. కొంచెం గట్టిగా పట్టుకుంటే గుంజుతున్నానేమో అని, కొంచెం వదులైతే జారిపోతోందేమో అని. పట్టుకోవడమనే పని చూస్తే సులువు. చేస్తే మనిషి పరుగెత్తినట్టు చెమట పడుతుంది. మధ్యమధ్య నూరి నన్ను ఆటపట్టించేది. "ఊపిరి తీసుకో తాతా, పడుకున్న్యది నేను." రోజూ అయిపోగానే చెయ్యి వెనక్కి పెట్టి చూపించేది. బొటనవేలు జేబు దాటింది. బెల్టు దాటింది. నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టిన చోటనే భయమూ కవల బిడ్డలా పుడుతుంది కదా, నిద్ర మరీ కరువైంది.

ఎంపికలకు రెండు రోజుల ముందు మళ్లీ శిరీష దగ్గరికి పోయాం. ఆమె మళ్లీ కొలిచింది. ఈసారి పెదవి కొరుక్కోలేదు, కానీ నవ్వనూ లేదు.

"సగం కంటే ఎక్కువే వచ్చింది. మంచిగా చేసినారు. కానీ ఎంపికల్లో విసరొద్దు పాపా. ఆడ పోతే సగం బలంతో విసరవు నువ్వు. మిగతా సగం రానీ."

నూరి తల ఊపింది. బయట బస్సు స్టాండుదాకా బాగానే నడిచింది. అక్కడ టీ బంకు పక్కన ఆగి, అటువైపు తిరిగి, "నీ కడ్డీ వల్లే తాతా" అంది.

మాటకు మాట వేయడం నాకు అలవాటు. ఆ పూట వేయలేదు. "అవును. తప్పు నాదే" అన్నాను.

నేను కాదంటానని పోట్లాటకు సిద్ధపడిన పిల్లకు అవునంటే ఏం చేయాలో తోచలేదు. ముక్కు తుడుచుకుని బస్సెక్కింది. కళ్యాణదుర్గం దాకా ఇద్దరం కిటికీలోంచి ఎండిన శెనక్కాయ చేలు చూస్తూ కూర్చున్నాం. అదే దారి. ఆనాటి బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఏం మోస్తూ కూర్చున్నాడో ఆ సీట్లో ఈసారి నేను కూర్చుంటే గానీ తెలియలేదు. తప్పు నాదే అనే ఒక మాట నాకు దక్కింది, ఆయనకు అదీ దక్కలేదు. మా అదృష్టంలో తేడా అంతే.

ఆ సాయంత్రం వేళకు నేను బొంత పరిచాను. నాయన కుట్టినదే, అంచులు చివికిపోయాయి. నూరి రాలేదు. కిటికీలోంచి చూస్తే పెరట్లో ఈటె చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. విసురుతుందేమో అనిపించింది. వద్దని కేక వేయాలనుంది. ఏ నోటితో వేయాలి? కడ్డీకి వేలాడమన్న నోటితోనా? బొంత మీదే కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె లోపలికి వచ్చింది. ఈటెను నా మంచం పక్కన ఎప్పటి చోట పొడుగ్గా పెట్టింది. వచ్చి వెల్లకిలా పడుకుంది. నా వైపు చూడకుండా మోచేతిని గుండెల మీదుగా తెచ్చుకుంది.

"పట్టుకో తాతా. గుంజొద్దు."

"గుంజను."

రెక్క అంచున అరచెయ్యి పెట్టాను.

"నీ చెయ్యి వణుకుతాండాది" అంది నూరి.

"నీదేమో అనుకున్న్యా."

"ఇద్దరిదీ అయ్యుంటాదిలే" అంది. ఇంకొంచెం అవతలికి తెచ్చుకుంది.

నేను పట్టుకునే ఉన్నాను.